మెత్తని చక్కెర బిస్కెట్లు

బుక్కపట్నం బజారులో నడుస్తున్నాం అనుకోండి. పిల్ల మన చెయ్యి పట్టుకుని వస్తోంది. బేకరీ ముందుకు రాగానే పిల్ల ఆగిపోయింది. గాజు సీసాల్లో బిస్కెట్లు ఉన్నాయి. గుండ్రంగా ఉన్నాయి. పైన చక్కెర మెరుస్తోంది. ‘‘అమ్మా, నాకు అవి కావాల’’ అంటుంది పిల్ల.

మనం ఏమంటాం? చేతిలో డబ్బులుంటే కొనిస్తాం. లేకుంటే ‘‘ఇంట్లో చేసిస్తాలే, రా’’ అంటాం.

నిజంగా ఇంట్లో చెయ్యగలమా? చెయ్యగలం. బేకరీలో ఉండే బట్టీ లేకపోయినా చెయ్యగలం. మన పొయ్యి మీదే చెయ్యగలం. కాని ఎట్ల చెయ్యాలో తెలియాలి. తెలియకపోతే ఏమవుతుంది? ఒక చెల్లెలు కథ వినండి.

రాళ్ళయిన బిస్కెట్లు

ఆ చెల్లెలు పండగకు బిస్కెట్లు చేసింది. చేసి, దిగాలుగా కూర్చుంది. అప్పుడు పక్కింటి అక్క వచ్చింది. ఆ అక్క పెద్దయినాక చదువు నేర్చుకుంది. ఏది చేసినా కాగితం మీద రాసి పెట్టుకుంటుంది.

‘‘ఏం చెల్లీ, మొగం అట్ల పెట్టుకున్నావే?’’

‘‘ఏం చెప్పేది అక్కా! పావు కిలో మైదా పాయ. వెన్న పాయ. చక్కెర పాయ. బిస్కెట్లు రాళ్ళయినాయి. పిల్లోడు కొరికి, పన్ను ఊడుతాదమ్మా అన్నాడు.’’

‘‘ఎట్ల చేసినావో చెప్పు. దాచకుండా చెప్పు.’’

‘‘మైదా పోసినా. చక్కెర పోసినా. వెన్న కరగబెట్టి పోసినా. నీళ్ళు పోసి చపాతీ పిండి మాదిరి బాగా పిసికినా. గట్టి పడేదాకా కాల్చినా.’’

‘‘ఏది ఎంత పోసినావు?’’

‘‘అందాజుగా పోసినా.’’

అక్క నవ్వింది. ‘‘చెల్లీ, నువ్వు ఐదు తప్పులు చేసినావు. ఒకటి, కొలత లేదు. రెండు, వెన్న కరగబెట్టినావు. మూడు, నీళ్ళు పోసినావు. నాలుగు, బాగా పిసికినావు. ఐదు, గట్టి పడేదాకా కాల్చినావు. ఈ ఐదూ మానుకుంటే బిస్కెట్టు మెత్తగా వస్తుంది’’ అంది.

చెల్లెలికి నమ్మకం కలగలేదు. ‘‘చపాతీ బాగా పిసికితేనే గదా మెత్తగా వచ్చేది?’’ అని అడిగింది.

మంచి ప్రశ్న. మనం కూడా ఇదే అడుగుతాం. జవాబు చూద్దాం.

పిండిలో దాగిన జిగురు

ఒక పని చెయ్యండి. నిమ్మకాయంత మైదా ముద్ద కలపండి. బాగా పిసకండి. పది నిమిషాలు పక్కన పెట్టండి. తరువాత గిన్నెలో నీళ్ళు పోసి, ఆ ముద్దను నీళ్ళలో మెల్లగా కడగండి. నీళ్ళు తెల్లగా పాల మాదిరి అవుతాయి. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ కడగండి. చివరికి చేతిలో ఏం మిగులుతుంది? రబ్బరు మాదిరి సాగే చిన్న ముద్ద మిగులుతుంది. ఇదే గోధుమలో ఉండే జిగురు. దీన్ని గ్లూటెన్ అంటారు.

గోధుమ పిండికి, మైదాకు నీళ్ళు తగిలితే ఈ జిగురు పుడుతుంది. పిసికే కొద్దీ బలపడుతుంది. చపాతీకి ఈ జిగురు కావాలి. జిగురు ఉంటేనే చపాతీ సాగుతుంది, పొంగుతుంది. రొట్టెకూ, బన్నుకూ కావాలి.

బిస్కెట్టుకు మాత్రం ఈ జిగురు ఎక్కువ కాకూడదు. ఎక్కువైతే కాలినాక గట్టిపడుతుంది. పంటికి సాగుతుంది, లేదా రాయి మాదిరి తగులుతుంది. అందుకే బిస్కెట్టు పిండిలో నీళ్ళు పొయ్యం. ఎక్కువ పిసకం. పొడి పిండి కనపడనంత వరకు కలిపి, చెయ్యి తీసేస్తాం.

మరి వెన్న ఏం చేస్తుంది? వెన్న పిండికి పూత మాదిరి పట్టుకుంటుంది. తడి పిండికి తొందరగా తగలకుండా అడ్డం పడుతుంది. అప్పుడు జిగురు తక్కువ పుడుతుంది. బిస్కెట్టు నోట్లో కరుగుతుంది.

చక్కెర ఏం చేస్తుంది? తీపి ఇస్తుంది. అదొక్కటే కాదు. చక్కెర తడిని పట్టుకుంటుంది. బిస్కెట్టులో తడి ఉంటే మెత్తగా ఉంటుంది. చక్కెర బాగా తగ్గిస్తే తీపి తగ్గుతుంది, మెత్తదనం కూడా తగ్గుతుంది.

బిస్కెట్టు మొదట గట్టిదే

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. బిస్కెట్టు అన్న మాటకు పాత అర్థం ‘రెండుసార్లు కాల్చినది’ అని. వెనకటి కాలంలో ఓడల మీద పోయేవాళ్ళు నెలల తరబడి సముద్రంలో ఉండేవాళ్ళు. వాళ్ళకు చెడిపోని తిండి కావాలి. అందుకే పిండి కాల్చి, తడి లేకుండా బాగా ఎండబెట్టేవాళ్ళు. అది రాయి మాదిరి ఉండేది. టీలోనో, నీళ్ళలోనో నానబెట్టుకుని తినేవాళ్ళు.

తడి పోతే బిస్కెట్టు గట్టిగా ఉంటుంది. చాలా రోజులు నిలవ ఉంటుంది. తడి ఉంటే మెత్తగా ఉంటుంది. కాని తొందరగా చెడుతుంది. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

మెత్తని బిస్కెట్టును కొన్ని దేశాల్లో కుకీ అంటారు. ఇది హాలెండు దేశపు భాష నుంచి వచ్చిన మాట. ‘చిన్న కేకు’ అని దాని అర్థం. వెన్న, చక్కెర, పిండి కలిపి చేసే చక్కెర కుకీలు అమెరికాలో ఇంటింటా చేసుకుంటారు. పండగలకు పిల్లలతో కలిసి చేస్తారు.

మన దగ్గర కూడా ఇట్లాంటివి ఉన్నాయి. నానఖటాయి మీరు తినే ఉంటారు. అది కూడా పిండి, చక్కెర, నెయ్యి కలిపి చేసేదే. హైదరాబాదులో ఉస్మానియా బిస్కెట్టు పేరున్నది. చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది. మన హిందూపురం దాటితే కర్ణాటక. అక్కడి అయ్యంగార్ బేకరీల్లో బెణ్ణె బిస్కెట్టు దొరుకుతుంది. కన్నడంలో బెణ్ణె అంటే వెన్న. అంటే అది వెన్న బిస్కెట్టు. మన పక్క ఊళ్ళలో కూడా అట్లాంటి బేకరీలు చాలా ఉన్నాయి.

పెద్ద కంపెనీలు కూడా ఒకప్పుడు చిన్నవే. బ్రిటానియా కంపెనీ 1892లో కలకత్తాలో ఒక చిన్న ఇంట్లో మొదలైంది. అప్పుడు దాని పెట్టుబడి 295 రూపాయలు.

ఏమేమి కావాలి?

మళ్ళీ అక్క దగ్గరికి పోదాం. అక్క తన కాగితం తీసింది. చెల్లెలు దాన్ని చూసి రాసుకుంది.

మైదా – 250 గ్రాములు (పావు కిలో)
చక్కెర – 125 గ్రాములు (అర పావు)
వెన్న – 125 గ్రాములు (అర పావు)
గట్టి పెరుగు – 3 పెద్ద చెంచాలు
బేకింగ్ పౌడర్ – 1 టీ చెంచా, తలకొట్టి
వంటసోడా – చిటికెడు
ఉప్పు – చిటికెడు
యాలకులు – 4
పైన అద్దడానికి కొంచెం చక్కెర

దీంతో సుమారు 25 బిస్కెట్లు వస్తాయి.

‘‘మా ఇంట్లో తూకం లేదే అక్కా’’ అంది చెల్లెలు.

‘‘అంగడిలో ఉంది గదా. మైదా పావు కిలో తూకం వేయించుకో. ఇంటికి తెచ్చి నీ గ్లాసులో పోసి చూడు. ఎన్ని గ్లాసులు అయినాయో రాసుకో. చక్కెర కూడా అట్లే చెయ్యి. తరువాత నుంచి అదే గ్లాసుతో కొలుచుకో. గ్లాసు మార్చొద్దు.’’

కొలత తెలిస్తే ఈ రోజు వచ్చిన రుచి రేపూ వస్తుంది. అందాజు అయితే ఒకసారి వస్తుంది, ఒకసారి పోతుంది. పోయినప్పుడు పోయేది మన డబ్బే.

వెన్న గురించి రెండు మాటలు. ఇంట్లో చిలికిన వెన్న అయితే అందులో మజ్జిగ ఉంటుంది. చేత్తో ఒత్తి ఆ నీళ్ళు తీసెయ్యండి. అంగడి వెన్నలో ఉప్పు ఉంటే మళ్ళీ ఉప్పు వెయ్యొద్దు. వెన్న లేక నెయ్యి వాడితే 100 గ్రాములే వాడండి. వెన్నలో కొంత నీరు ఉంటుంది, నెయ్యిలో ఉండదు. అందుకే నెయ్యి తక్కువ చాలు. నెయ్యి కూడా పేరుకున్నదే వాడాలి. కరిగిన నెయ్యి పోస్తే పిండి జారిపోతుంది.

డబ్బా మీద చదవండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మాట.

వంటసోడా తెల్లటి పొడి. బట్టల సోడా కూడా తెల్లటి పొడే. రెండూ పొట్లం కట్టి ఒకే గూట్లో పెడితే ఏది ఏదో తెలియదు. బట్టల సోడా తింటే నోరు, గొంతు, కడుపు పుండ్లు పడతాయి. ప్రాణానికే ముప్పు. కాబట్టి రెండూ ఒక చోట పెట్టొద్దు. వంటసోడాకు వేరే డబ్బా పెట్టండి. దాని మీద కాగితం అంటించి ‘వంటసోడా’ అని పెద్ద అక్షరాలతో రాయండి. మనం నేర్చుకున్న అక్షరాలు ఇట్లాంటి చోట కాపాడతాయి.

బేకింగ్ పౌడర్ వేరు, వంటసోడా వేరు. వంటసోడాకు పులుపు తగిలితేనే బాగా పొంగు వస్తుంది. అందుకే మనం పెరుగు వేస్తున్నాం. బేకింగ్ పౌడర్‌లో సోడా, పులుపు రెండూ పొడిగా కలిపే ఉంటాయి. తడి, వేడి తగిలితే చాలు, పొంగుతుంది. ఒకదాని బదులు ఇంకొకటి అదే కొలతలో వెయ్యకూడదు. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది.

బేకింగ్ పౌడర్ డబ్బా మీద తేదీ చదవండి. పాతదైతే పొంగదు. అనుమానం ఉంటే ఒక చెంచా వేడినీళ్ళలో చిటికెడు వెయ్యండి. బుసబుస పొంగితే మంచిది. ఊరక ఉంటే పారెయ్యండి.

వెన్న బదులు డాల్డా వాడేవాళ్ళు ఉన్నారు. డాల్డా రకాల్లో ట్రాన్స్ ఫ్యాట్ అనే చెడు కొవ్వు ఉండేది. అది గుండెకు కీడు చేస్తుంది. అందుకని 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో ఇది 2 శాతం మించకూడదని ప్రభుత్వం రూలు పెట్టింది. కొనేటప్పుడు పాకెట్టు మీద అది ఎంత ఉందో చదవండి. పేరు లేని, విడిగా అమ్మే డాల్డా కొనొద్దు.

బట్టీ లేకుండా బట్టీ

‘‘పెనం మీద కాలిస్తే అడుగు మాడింది, పైన పచ్చిగా ఉంది’’ అంది చెల్లెలు.

పెనం మీద వేడి కింద నుంచే వస్తుంది. బిస్కెట్టుకు నాలుగు పక్కల నుంచీ వేడి తగలాలి. బేకరీ బట్టీలో అదే జరుగుతుంది. మనం పొయ్యి మీద చిన్న బట్టీ కట్టుకుందాం.

మందపాటి పాత గిన్నె ఒకటి తీసుకోండి. వెడల్పుగా ఉండాలి. ఇనుప బాణలి అయినా పర్వాలేదు. పలచని అల్యూమినియం గిన్నె వద్దు. నల్లపూత వేసిన నాన్‌స్టిక్ గిన్నె వద్దు. కుక్కరు కూడా వద్దు. నీళ్ళు లేకుండా కాగితే కుక్కరు పాడవుతుంది.

ఇసుకను జల్లించి, కడిగి, బాగా ఎండబెట్టండి. గిన్నె అడుగున రెండు వేళ్ళ మందం ఇసుక పొయ్యండి. ఇసుక లేకుంటే రాతి ఉప్పు పొయ్యొచ్చు. ఇసుక మీద ఒక ఇనుప చుట్టు గాని, చిన్న స్టాండు గాని పెట్టండి. బిస్కెట్ల తట్ట దాని మీద కూర్చోవాలి. తట్ట గిన్నె అంచులకు తగలకూడదు. చుట్టూ వేలు పట్టేంత సందు ఉండాలి. పైన సరిపోయే బరువైన మూత పెట్టాలి.

జాగ్రత్త! కాగిన ఇసుక చాలా సేపు వేడిగా ఉంటుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. తట్ట తీసేటప్పుడు పట్టకారు వాడండి. కొంగుతో పట్టుకోవద్దు. కాగిన ఇసుక మీద నీళ్ళు పొయ్యొద్దు. పని అయినాక గిన్నెను అట్లే వదిలెయ్యండి. పూర్తిగా చల్లారినాకే తీయండి. ఆ ఇసుక మళ్ళీ పనికొస్తుంది.

చేసే పద్ధతి

1. చక్కెరను యాలకులతో కలిపి మెత్తగా పొడి చెయ్యండి.

2. వెన్న మెత్తగా ఉండాలి. వేలితో నొక్కితే దిగాలి. కాని కరగకూడదు. వెన్నలో చక్కెర పొడి వేసి 5 నిమిషాలు ఒకే పక్కకు గిలకొట్టండి. వెన్న తెల్లగా, నురుగు మాదిరి అవుతుంది. గిలకొట్టినప్పుడు లోపల గాలి చేరుతుంది. ఆ గాలి వల్ల బిస్కెట్టు గుల్లగా వస్తుంది. వెన్న కరిగితే గాలి నిలవదు. అందుకే కరగబెట్టకూడదు.

3. పెరుగు వేసి కలపండి.

4. మైదా, బేకింగ్ పౌడర్, వంటసోడా, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించండి. అప్పుడు సోడా అంతటా సమంగా కలుస్తుంది.

5. ఈ పిండిని వెన్నలో వేసి వేలి కొసలతో కలపండి. పిసకొద్దు. పొడి పిండి కనపడకుండా పోతే చాలు, ఆపండి. పిండి మరీ పొడిగా ఉంటే ఒక చెంచా పాలు చల్లండి. నీళ్ళు పొయ్యొద్దు.

6. మూత పెట్టి అర గంట చల్లని చోట ఉంచండి. మన పక్క ఎండాకాలం వెన్న ఊరకే కరుగుతుంది. అప్పుడు గిన్నెను చన్నీళ్ళ తట్టలో పెట్టండి. ఫ్రిజ్ ఉంటే అందులో పెట్టండి. పిండి చల్లగా ఉంటే కాలేటప్పుడు బిస్కెట్టు పరుచుకుపోదు.

7. పిండి చల్లబడే లోపల ఇసుక గిన్నెకు మూత పెట్టి పొయ్యి మీద పెట్టండి. నడి మంట మీద 15 నిమిషాలు కాగనివ్వండి.

8. పిండిని 25 భాగాలు చెయ్యండి. చిన్న నిమ్మకాయంత ఉండలు చెయ్యండి. అరచేత్తో కొంచెం అదమండి. చిటికెన వేలి మందం ఉండాలి. పలచగా చేస్తే గట్టిపడుతుంది. పై పక్కను చక్కెరలో అద్దండి.

9. తట్టకు వెన్న పూయండి. 6 లేక 7 బిస్కెట్లు పెట్టండి. నడుమ ఎడం ఉంచండి. అవి కొంచెం పరుచుకుంటాయి.

10. తట్టను గిన్నెలో పెట్టి మూత వెయ్యండి. మంట తగ్గించండి. 12 నిమిషాల వరకు మూత తీయొద్దు. తీస్తే వేడి పోతుంది.

11. 12 నిమిషాలకు చూడండి. అంచులు, అడుగు లేత బంగారు రంగుకు వచ్చినాయా? వస్తే తీసెయ్యండి. రాకుంటే ఇంకో 2, 3 నిమిషాలు ఉంచండి.

తీసే సమయమే కీలకం

చెల్లెలు ఈసారి అక్క చెప్పినట్టే చేసింది. 13 నిమిషాలకు అక్క తట్ట తీయించింది.

‘‘అక్కా, ఇంకా మెత్తగా ఉన్నాయే! పచ్చిగా ఉన్నట్టున్నాయి. ఇంకొంచెం కాల్చేదా?’’

‘‘వద్దు. తట్టలోనే పది నిమిషాలు వదిలెయ్యి. చెయ్యి పెట్టొద్దు.’’

పది నిమిషాలు అయినాయి. చెల్లెలు ఒకటి తీసింది. విరగలేదు. అంచు నిలబడింది. నడుమ మెత్తగా ఉంది.

ఏం జరిగింది? వేడిగా ఉన్నప్పుడు వెన్న, చక్కెర కరిగి ఉంటాయి. అందుకే బిస్కెట్టు మెత్తగా, పచ్చిగా ఉన్నట్టు కనపడుతుంది. చల్లారితే వెన్న పేరుకుంటుంది, చక్కెర గట్టిపడుతుంది. బిస్కెట్టు నిలుస్తుంది. పొయ్యి మీద ఉండగానే గట్టి పడేదాకా కాలిస్తే ఏమవుతుంది? లోపలి తడి అంతా పోతుంది. చల్లారినాక రాయి అవుతుంది. చెల్లెలు మొదట చేసిన తప్పు ఇదే.

ఇంకో మాట. ఇసుక గిన్నెలో పై పక్క తెల్లగానే ఉంటుంది. పైన ఎర్రబడాలని చూస్తే అడుగు మాడుతుంది. రంగు చూడాల్సింది అంచులో, అడుగులో.

నిలవ ఎట్ల చెయ్యాలి?

పూర్తిగా చల్లారినాక గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. వేడిగా ఉన్నప్పుడు మూత పెడితే ఆవిరి నీరవుతుంది, బూజు పడుతుంది. మూత లేకుండా వదిలితే తడి ఆరిపోయి గట్టి పడతాయి. చీమలు కూడా వస్తాయి.

మెత్తని బిస్కెట్లలో తడి ఉంటుందని ముందే చెప్పుకున్నాం. అందుకే ఇవి కంపెనీ బిస్కెట్ల మాదిరి నెలల తరబడి ఉండవు. నాలుగైదు రోజుల్లో తినెయ్యండి. డబ్బా మీద చేసిన తేదీ రాసిన చీటీ అంటించండి. వాసన మారినా, బూజు కనపడినా పారెయ్యండి.

రాగి పిండితో చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు. మన పక్క రాగులు, చెనక్కాయలు ఇంట్లో ఉంటాయి. రాగుల్లో సున్నపు సత్తువ, అంటే కాల్షియం, ఎక్కువ. చెనక్కాయల్లో మాంసకృత్తులు ఎక్కువ.

కాని రాగి పిండిలో గోధుమ జిగురు ఉండదు. అంతా రాగి పిండే వేస్తే బిస్కెట్టు పొడిపొడిగా రాలుతుంది. సగం మైదా, సగం రాగి పిండి వెయ్యండి. మైదా వద్దనుకుంటే గోధుమ పిండి వెయ్యండి. రాగి పిండిని ముందు దోరగా వేయించి చల్లార్చండి. అది తడిని ఎక్కువ పీలుస్తుంది. కాబట్టి ఒకటి, రెండు చెంచాల పాలు ఎక్కువ పడతాయి. వేయించి పొట్టు తీసిన చెనక్కాయలను పలుకులుగా దంచి కలపండి. రుచిగా ఉంటుంది.

ఎన్ని తినాలి?

ఒక లెక్క చేద్దాం. 125 గ్రాముల చక్కెరతో 25 బిస్కెట్లు చేసినాం. ఒక్కో బిస్కెట్టులో ఎంత చక్కెర ఉంది? 125ను 25తో భాగించండి. 5 గ్రాములు. అంటే సుమారు ఒక టీ చెంచా. పైన అద్దిన చక్కెర దీనికి అదనం.

రోజుకు సుమారు 25 గ్రాములు, అంటే 6 చెంచాల లోపు చక్కెర అయితే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. టీలో, కాఫీలో వేసుకునేది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. కాబట్టి ఒకటి, రెండు బిస్కెట్లు చాలు. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు వీటికి దూరంగా ఉండాలి. పిల్లలకు అన్నం బదులు బిస్కెట్లు పెట్టొద్దు. బిస్కెట్టు పండగ తిండి, పూట తిండి కాదు.

అమ్మితే గిట్టుతుందా?

బిస్కెట్లు బాగా వచ్చినాయి. చెల్లెలికి ఆశ పుట్టింది. ‘‘అక్కా, ఇవి చేసి అమ్మితే ఎట్లుంటుంది?’’ అంది.

‘‘ముందు లెక్క రాయి. తరువాత మాట్లాడు’’ అంది అక్క.

ఇద్దరూ కూర్చుని రాసినారు. ధరలు ఊరికీ ఊరికీ, నెలకూ నెలకూ మారతాయి. ఇక్కడ లెక్క నేర్చుకోవడానికి కొన్ని ధరలు అనుకుందాం.

మైదా – 12 రూపాయలు
చక్కెర – 6 రూపాయలు
వెన్న – 70 రూపాయలు
పెరుగు, యాలకులు, పౌడర్ – 6 రూపాయలు
గ్యాసు – 6 రూపాయలు
మొత్తం – 100 రూపాయలు

100 రూపాయలకు 25 బిస్కెట్లు. ఒక్కోటి 4 రూపాయలు పడింది. 5 రూపాయలకు అమ్మితే 125 రూపాయలు వస్తాయి. మిగిలేది 25 రూపాయలు.

‘‘మేలే గదా అక్కా, 25 రూపాయలు మిగిలె!’’

‘‘నీ కష్టం ఎక్కడ రాసినావు?’’ అని అడిగింది అక్క.

చెల్లెలు ఆలోచించింది. పిండి కలిపి, చల్లార్చి, ఉండలు చేసేసరికి ఒక గంట. ఒక్కో విడత 15 నిమిషాలు. నాలుగు విడతలకు ఇంకో గంట. మొత్తం రెండు గంటలు. రెండు గంటల కష్టానికి 25 రూపాయలు! పాకెట్టు, దారప్పొట్లం ఖర్చు ఇంకా రాయలేదు. విరిగినవి, మిగిలిపోయినవి రాయలేదు.

ఆడవాళ్ళం లెక్క రాసేటప్పుడు మన కష్టాన్నే మరిచిపోతాం. ఇంట్లో చేసే పనికి కూలి ఏముందిలే అనుకుంటాం. అది తప్పు. మన రెండు గంటలకు కూడా ధర ఉంది. దాన్ని కూడా కాగితం మీద రాయాలి. అప్పుడే అది లాభమా, నష్టమా అని తెలుస్తుంది.

అయితే అమ్మడం మానుకోవాలా? అట్ల కాదు. దారులు ఉన్నాయి. సంఘంలో నలుగురు కలిసి ఎక్కువ పిండి ఒకేసారి కలపొచ్చు. సరుకు టోకున కొంటే ధర తగ్గుతుంది. ఒకేసారి ఎక్కువ కాలే పొయ్యి ఉంటే గ్యాసు, సమయం కలిసొస్తాయి. మీ ఊరి బేకరీవాళ్ళను అడిగి చూడండి. పని లేని వేళ మన పిండిని వాళ్ళ బట్టీలో కాల్చి ఇస్తారేమో, ఎంత తీసుకుంటారో కనుక్కోండి. ప్రతి మార్పుకూ మళ్ళీ లెక్క రాయండి. అప్పు తెచ్చి పొయ్యి కొనే ముందు ఇవన్నీ చూడండి.

తినే వస్తువు అమ్మాలంటే చట్టం కూడా ఉంది. ఆహార భద్రతా చట్టం 2006లో వచ్చింది. చిన్నగా ఇంట్లో చేసి అమ్మేవాళ్ళు కూడా పేరు నమోదు చేయించుకోవాలి. నమోదు అయితే 14 అంకెల నంబరు ఇస్తారు. అంగడిలో ఏ బిస్కెట్టు పాకెట్టు అయినా తీసి చూడండి. ఆ నంబరు ఉంటుంది. బరువు, ధర, తేదీ, ఏమేమి కలిపినారు అన్నది కూడా ఉంటుంది. ఇవన్నీ చదివి కొనడం మన హక్కు. మనం అమ్మినప్పుడు రాయడం మన బాధ్యత.

కాగితం మరిచిపోదు

చెల్లెలు చివరికి ఏం చేసింది? అమ్మకం సంగతి సంఘంలో మాట్లాడదాం అనుకుంది. ఈ పండగకు మాత్రం పిల్లలకు చేసి పెట్టింది. పిల్లోడు కొరికి చూసినాడు. ‘‘అమ్మా, ఈసారి పన్ను ఊడలేదు’’ అన్నాడు.

ఆ రాత్రి చెల్లెలు నోటుపుస్తకంలో ఇట్ల రాసుకుంది: ‘మైదా రెండు గ్లాసులు. మంట చిన్నది. 13 నిమిషాలు. పిసకలేదు. బాగా వచ్చినాయి.’

చెయ్యి మరిచిపోవచ్చు. నోరు మరిచిపోవచ్చు. కాగితం మరిచిపోదు. మీరు కూడా చేసి చూడండి. చేసింది రాసి పెట్టుకోండి.

చెప్పండి

1. చపాతీ పిండిని బాగా పిసుకుతాం. బిస్కెట్టు పిండిని ఎందుకు పిసకకూడదు?
2. వంటసోడాను, బట్టల సోడాను మీ ఇంట్లో ఎక్కడ పెట్టినారు? డబ్బా మీద పేరు రాసినారా?
3. పొయ్యి మీద నుంచి తీసినప్పుడు బిస్కెట్టు మెత్తగా ఉంటే మళ్ళీ కాల్చాలా? ఎందుకు?
4. మీ ఊరి ధరలతో 25 బిస్కెట్లకు ఎంత ఖర్చు అవుతుంది? మీ కష్టం కూడా కలిపి లెక్క రాయండి.